సూపర్ కార్ అని దేన్ని అనాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా హైవే మీద ఎక్కడైనా ఒక పొట్టి కారు పెద్ద శబ్దం చేసుకుంటూ వెళ్తే చాలు, సాయంత్రానికి ఆ వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. దాని కింద ఎప్పుడూ అవే ప్రశ్నలు. "బావా, ఇది సూపర్ కారేనా?" "ఎంత ఉంటాది?" "మనూళ్లో నడుస్తాదా?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెట్టాను. నాకు కార్ల పిచ్చి తప్ప ఏ కంపెనీతోనూ సంబంధం లేదు. కాబట్టి ఎవరినీ మొహమాట పెట్టకుండా, నేనూ మొహమాట పడకుండా రాశాను.

సూపర్ కార్‌కి ప్రభుత్వం పెట్టిన నిర్వచనం ఏదైనా ఉందా?

లేదు. మన మోటారు వాహనాల చట్టంలో అలాంటి తరగతే లేదు. ఆల్టో అయినా లాంబోర్గిని అయినా ఆర్‌సీలో పడేది మోటార్ కార్ అనే. మీ జేబులో ఉన్న ఎల్‌ఎమ్‌వీ (మామూలు కారు) లైసెన్సుతో రెండూ నడపొచ్చు. కంపెనీల మధ్య కూడా దీని మీద ఒప్పందం ఏమీ లేదు, ప్రకటనల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకుంటారు. చివరికి తేల్చాల్సింది కార్లంటే ఇష్టపడేవాళ్లే. వాళ్లేమో అరవై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు.

మరి మీరు దేన్ని బట్టి చెబుతారు?

చాలామంది ముందు స్పీడు అడుగుతారు, తర్వాత ధర, తర్వాత హార్స్‌పవర్. నేను ముందుగా చూసేది, ఆ కారు తయారు చేసినవాళ్లు వేగం కోసం ఏమేం వదులుకున్నారు అన్నది.

మామూలు కారు నిండా రాజీలే. ఐదుగురు కూర్చోవాలి, డిక్కీలో పెళ్లి సామాను పట్టాలి, గోతిలో పడ్డా అడుగు తగలకూడదు, మైలేజీ రావాలి, ఊళ్లో మెకానిక్ చెయ్యి పెట్టగలగాలి. సూపర్ కార్ గీసే ఇంజినీరు ఈ జాబితాలో ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతాడు. వెనక సీట్లు వద్దు. డిక్కీ వద్దు, ముందు బానెట్ కింద ఒక బ్యాగు పడితే చాలు. వెనక ఏం వస్తోందో సరిగ్గా కనపడకపోయినా సర్దుకోవాలి. లాంబోర్గిని కౌంటాష్ నడిపేవాళ్లు రివర్స్ చెయ్యాలంటే తలుపు పైకి ఎత్తి, గడప మీద కూర్చుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ చేసేవాళ్లు. కోట్ల కారు, రివర్స్ మాత్రం అలాగ!

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40. లోపల కార్పెట్ లేదు, రేడియో లేదు. తలుపుకి లోపలి వైపు హ్యాండిల్ ఉండాల్సిన చోట ఒక తీగ వేలాడుతుంది, దాన్ని లాగితే తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో వచ్చిన కార్లకి పక్క అద్దాలు కూడా ప్లాస్టిక్‌వే. ఎర్ర పెయింటు ఎంత పల్చగా కొట్టారంటే, దగ్గరికెళ్లి చూస్తే దాని కింద కార్బన్ ఫైబర్ (తేలిగ్గా, గట్టిగా ఉండే నార పదార్థం) అల్లిక కనిపిస్తుంది. ఇవన్నీ ఖర్చు తగ్గించడానికి కాదు, బరువు తగ్గించడానికి. పెట్రోలు, ఆయిళ్లు పోయకముందు ఆ కారు బరువు 1,100 కిలోలు. 478 హార్స్‌పవర్‌తో గంటకు 324 కిలోమీటర్లు వెళ్లేది. రేడియో కావాలనుకున్నవాళ్లు ఆ కారు జోలికి పోలేదు.

ఇది కాక ఇంకో రెండు షరతులు పెట్టుకుంటాను. నంబర్ ప్లేటుతో రోడ్డెక్కగలగాలి, లేకపోతే అది రేసు కారు. ఏదో ఒక సెడాన్‌కి బలం పెంచి తెచ్చింది కాకుండా, మొదటి గీత నుంచీ ఇందుకోసమే పుట్టినదై ఉండాలి. ఇక పనితనం అంటారా, అది తన కాలంలో అందరికన్నా ముందు వరసలో ఉండాలి. ఇవాళ్టి కార్లతో పోల్చి యాభై ఏళ్ల నాటి కారుని తీసిపారెయ్యకూడదు.

ఇంజిన్ వెనకే ఉండాలా?

ఎక్కువగా వెనకే. అయితే వెనక అంటే ఎక్కడ అన్నది ముఖ్యం. సీట్ల వెనక, వెనక ఇరుసుకి ముందు. దీన్నే మిడ్ ఇంజిన్ అంటారు. కావిడి మోసేవాణ్ని గమనించండి. రెండు చివర్లా బరువు వేలాడుతుంటే చప్పున పక్కకి తిరగలేడు, తిరగడం మొదలెడితే చప్పున ఆగలేడు. అదే బరువు ఒంటికి ఆనించి పట్టుకుంటే ఇట్టే తిరుగుతాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండు ఇరుసుల మధ్యకి తెస్తే కారు మలుపుల్లో అలాగే తిరుగుతుంది. బరువు వెనక చక్రాల మీద ఎక్కువగా పడుతుంది కాబట్టి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు అవి ఉత్తినే తిరిగిపోకుండా రోడ్డుని పట్టుకుంటాయి. ముందు ఇంజిన్ లేదు కనక ముక్కు బాగా కిందికి దించొచ్చు.

దీని తలనొప్పులు దీనికున్నాయి. ఇంజిన్ వేడంతా మీ వీపు వెనకే. ముందు నుంచి గాలి నేరుగా తగలదు, అందుకే తలుపుల వెనక ఆ పెద్ద పెద్ద కన్నాలు. అవి షోకు కోసం పెట్టినవి కావు, రేడియేటర్లకీ ఇంజిన్‌కీ గాలి అందించడానికి పెట్టినవి. మెక్‌లారెన్ ఎఫ్1లో అయితే ఇంజిన్ ఉండే గదికి లోపల బంగారు రేకు అతికించారు, వేడిని బంగారం బాగా వెనక్కి కొడుతుందని. మనం బీరువాలో దాచుకునేదాన్ని వాళ్లు ఇంజిన్ పక్కన అంటించారు.

ఇంజిన్ ముందున్నా నేను సూపర్ కార్ అని ఒప్పుకునేవి లేకపోలేదు. 2010లో ఉత్పత్తి మొదలైన లెక్సస్ ఎల్ఎఫ్ఏ చూడండి. ముందు వీ10 (పది సిలిండర్ల) ఇంజిన్, కార్బన్ ఫైబర్ బాడీ, మొత్తం 500 కార్లే చేశారు. ఆ ఇంజిన్ ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి నిదానం) నుంచి 9,000 ఆర్‌పీఎంకి (నిమిషానికి అన్ని చుట్లకి) 0.6 సెకన్లలో ఎగబాకుతుంది. ముల్లు ఉన్న మీటరు ఆ వేగాన్ని అందుకోలేదని డిజిటల్ మీటరు పెట్టారు. ఇంత తిప్పలు పడ్డవాళ్లని ఇంజిన్ ముందుందని పక్కన పెడితే అన్యాయం.

మొట్టమొదటి సూపర్ కార్ ఏది?

ఎక్కువమంది ఒప్పుకునే జవాబు లాంబోర్గిని మియూరా. 1965లో టూరిన్ మోటార్ షోలో బాడీ లేకుండా ఉత్త చాసిస్ పెట్టారు, 1966లో జెనీవాలో పూర్తి కారు చూపించారు. 3.9 లీటర్ల వీ12 ఇంజిన్‌ని సీట్ల వెనక అడ్డంగా పెట్టడమే అందులో విశేషం. 350 హార్స్‌పవర్. దాని రూపం గీసింది బెర్టోనె సంస్థలో పనిచేసే మార్చెల్లో గాందీని, అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా లేవు. కౌంటాష్ గీసిందీ అతనే.

కొందరు 1954 నాటి మెర్సిడెస్ 300ఎస్ఎల్ పేరు చెబుతారు. రెక్కల్లా పైకి లేచే తలుపులు, ఫ్యూయల్ ఇంజెక్షన్, అప్పట్లో అందరికన్నా ఎక్కువ స్పీడు. కాదనడానికి నాకు మనసొప్పదు. కానీ తర్వాత వచ్చినవన్నీ మియూరా దారిలోనే నడిచాయి, అందుకని నా ఓటు మియూరాకే.

ఇక్కడ మన రైతులకి నచ్చే సంగతి ఒకటుంది. ఫెరూచియో లాంబోర్గిని ముందు ట్రాక్టర్లు చేసేవాడు. 1948లో ట్రాక్టర్ల కంపెనీ, 1963లో కార్ల కంపెనీ. తన ఫెరారీలో క్లచ్ మాటిమాటికీ పోతోందని ఎంజో ఫెరారీకి చెప్పబోతే, ట్రాక్టర్లు చేసుకునేవాడివి నీకేం తెలుసన్నట్టు మాట్లాడాడనీ, ఆ పంతంతోనే కార్లు మొదలెట్టాడనీ ఒక కథ చెప్పుకుంటారు. కథలో ఎంత నిజమో గానీ పంతం మాత్రం నిజమనే అనిపిస్తుంది. ఆ పేరుతో ట్రాక్టర్లు ఇప్పటికీ వస్తున్నాయి, కాకపోతే వేరే యాజమాన్యం కింద.

ఎన్ని హార్స్‌పవర్ దాటితే సూపర్ కార్?

అలాంటి గీత గీస్తే ఐదేళ్లకోసారి చెరిపి మళ్లీ గీసుకోవాలి. మియూరాకి 350. ఎఫ్40కి 478. 1992లో చూపించిన మెక్‌లారెన్ ఎఫ్1కి 627. 2005 నాటి బుగాటి వేరాన్‌కి 1,001. ఇప్పుడు లాంబోర్గిని షోరూమ్‌లో దొరికే రెవుల్టోకే 1,015. ఇంకోపక్క కొత్త బీఎండబ్ల్యూ ఎం5 చూస్తే, నాలుగు తలుపులున్న ఫ్యామిలీ సెడాన్, దానికి 700 పైనే ఉన్నాయి. అంటే ఒకనాటి మెక్‌లారెన్ ఎఫ్1 కన్నా ఎక్కువ. అంతమాత్రాన ఎం5 సూపర్ కార్ అయిపోదు.

ఇంత బలం ఎందుకని అడిగేవాళ్లకి ఒక లెక్క. స్పీడు రెండింతలైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలు అవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి ఇంజిన్ పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు అవుతుంది. మెక్‌లారెన్ ఎఫ్1 1998లో 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. దాని మీద మరో ఇరవై కిలోమీటర్లు పెంచి 407కి చేరడానికి వేరాన్ 8 లీటర్ల ఇంజిన్, నాలుగు టర్బోలు (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టేవి), పది రేడియేటర్లు మోసుకు తిరగాల్సి వచ్చింది. ఈ బరువు కూడా ఉంది కాబట్టి పోలిక సూటిగా సరిపోదు గానీ, పైకి పోయేకొద్దీ ఒక్కో కిలోమీటరూ ఎంత ప్రియమో అర్థమవుతుంది.

వీరఘట్టంలో పుట్టిన మన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు రెండు కార్లకి కట్టిన తాళ్లు చేతుల్తో పట్టుకుని వాటిని కదలనిచ్చేవారు కాదని తాతలు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లో ప్రపంచమంతా తిరిగిన ఫోర్డ్ మోడల్ టీ బలం 20 హార్స్‌పవర్. ఆయనైతే రెవుల్టోని కూడా ఆపేవారా అని ఒక తమ్ముడు అడిగాడు. ఆయన మీద గౌరవం కొద్దీ ఆ ప్రశ్నకి జవాబు రాయడం లేదు.

రెండు సెకన్లలో వంద అందుకునే ఎలక్ట్రిక్ కార్లు వచ్చేశాయి కదా, అవన్నీ సూపర్ కార్లేనా?

వాదన బాగా వేడెక్కేది ఇక్కడే. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కి 1,020 హార్స్‌పవర్, సున్నా నుంచి వంద అందుకోవడంలో చాలా ఫెరారీలని వెనక్కి నెట్టేస్తుంది. ఎలక్ట్రిక్ మోటారుకి మొదటి క్షణంలోనే పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) దొరుకుతుంది, గేర్లు మార్చే పని ఉండదు. అందుకే సిగ్నల్ దగ్గర దాన్ని కొట్టడం కష్టం. కానీ అది ఐదుగురు కూర్చునే కారు, డిక్కీ ఉంది, పిల్లల్ని బడిలో దింపి రావచ్చు. వాళ్లు వదులుకున్నది ఏమీ లేదు. చాలా వేగంగా పోయే సెడాన్, అంతే. తక్కువ చేసి చెప్పడం లేదు, తరగతి వేరంటున్నాను.

క్రొయేషియాలో తయారయ్యే రిమాక్ నెవెరా కూడా ఎలక్ట్రిక్కే, కానీ సూపర్ కారే, ఇంకా పైమాటే. రెండే సీట్లు, కార్బన్ ఫైబర్ బాడీ, చక్రానికొక మోటారు, మొత్తం 1,914 హార్స్‌పవర్. బరువు మాత్రం రెండు టన్నులు దాటింది. ఎలక్ట్రిక్ వాటితో నా పేచీ అదొక్కటే. బ్యాటరీ మోసే కారు మలుపులో ఎంత తెలివిగా తిరిగినా బరువు దాగదు. శబ్దం లేకపోతే సూపర్ కార్ కాదని మా బావ అంటాడు. దాంతో నేను ఏకీభవించను, కానీ వీ12 శబ్దం విన్నాక ఆయన్ని తప్పుపట్టడం కూడా కష్టమే.

హైపర్ కార్ అంటే?

సూపర్ కార్లలో మరీ పైన ఉన్న కొన్ని. తక్కువ సంఖ్యలో చేసి, ముందే పేర్లు రాయించుకున్నవాళ్లకి అమ్మేవి. 2013 ప్రాంతంలో ఫెరారీ లాఫెరారీ, మెక్‌లారెన్ పీ1, పోర్షె 918 స్పైడర్ మూడూ హైబ్రిడ్ ఇంజిన్లతో ఒకేసారి రావడంతో ఈ మాట బాగా పాకింది. 2014లో కోనిగ్‌సెగ్ వాళ్లు వన్ టు వన్ అని ఒకటి తెచ్చారు, 1,360 కిలోల కారుకి 1,360 హార్స్‌పవర్. అంటే ఒక మెగావాట్ కాబట్టి మాది మెగాకార్ అన్నారు. రేపు ఇంకొకరు ఇంకో పేరు పెడతారు. నేనైతే ఈ మెట్లని పెద్దగా పట్టించుకోను.

వేరాన్ గురించి ఒక ముక్క మాత్రం చెప్పాలి. దాని పూర్తి వేగం అందుకోవాలంటే రెండో తాళంచెవి ఒకటుంది. కారు ఆపి, సీటు పక్కన ఆ తాళం తిప్పితే కారు కిందికి దిగి, వెనక రెక్క ముడుచుకుని, అప్పుడు 400 దాటడానికి సిద్ధమవుతుంది. ఆ వేగంలో ట్యాంకు నిండా ఉన్న పెట్రోలు పన్నెండు నిమిషాల్లో అయిపోతుందని లెక్క.

స్పోర్ట్స్ కార్‌కీ సూపర్ కార్‌కీ తేడా?

స్పోర్ట్స్ కారు రోజూ వాడుకుంటూ సరదాగా నడుపుకునేది. మస్టాంగ్, పోర్షె 718 అలాంటివి. పోర్షె 911 రెంటికీ మధ్య గోడ మీద కూర్చుంది. మామూలు 911 స్పోర్ట్స్ కారే, 700 హార్స్‌పవర్ ఉన్న జీటీ2 ఆర్‌ఎస్‌ని సూపర్ కార్ కాదంటే మాత్రం నేను ఒప్పుకోను. బెంట్లీ కాంటినెంటల్ లాంటివి జీటీలు, దూరప్రయాణానికి సుఖంగా, వేగంగా పోయేవి.

లాంబోర్గిని వాళ్ల ఉరుస్ మీద కూడా అదే ఎద్దు బొమ్మ ఉంది. అది సూపర్ కారే కదా?

కాదు. మన హైదరాబాద్, వైజాగ్ సెలబ్రిటీల ఇళ్ల ముందు కనిపించేవి చాలావరకు ఇవే కాబట్టి ఈ ప్రశ్న రోజూ వస్తుంది. 650 హార్స్‌పవర్‌తో వచ్చిన ఉరుస్ గంటకు 305 కిలోమీటర్లు వెళ్తుంది, నిజమే. కానీ అది ఎస్‌యూవీ. ఎత్తు, వెనక సీట్లు, పెద్ద డిక్కీ, ఆడి క్యూ8 తోనూ పోర్షె కయెన్ తోనూ పంచుకున్న ప్లాట్‌ఫామ్ (కారు కింది చట్రం). కంపెనీవాళ్లే దాన్ని సూపర్ ఎస్‌యూవీ అంటున్నారు. బొమ్మని బట్టి తరగతి రాదు. ఫెరారీ పురోసాంగ్వే కూడా అంతే, వీ12 ఉంది, నాలుగు తలుపులూ ఉన్నాయి.

ఖరీదు ఎక్కువైతే చాలదా? రోల్స్ రాయిస్ సంగతేంటి?

రోల్స్ రాయిస్ ఫాంటమ్ సౌఖ్యం కోసం వేగాన్ని వదులుకున్న కారు, అంటే పూర్తిగా ఎదురు దిక్కు. తక్కువ ధరలో సూపర్ కార్ లక్షణాలున్నవీ ఉన్నాయి. 2020 మోడల్‌గా వచ్చిన షెవ్రొలే కార్వెట్ ఇంజిన్ సీట్ల వెనక, 490 హార్స్‌పవర్, అమెరికాలో మొదటి ధర 60,000 డాలర్ల లోపే. దాన్ని సూపర్ కార్ అనడానికి కొందరికి మొహమాటం, చవకగా ఉందని! నాకు లేదు.

మన దేశంలో అంత రేటు ఎందుకు?

పన్నులు. ఈ కార్లు ఇక్కడ తయారు కావు, పూర్తిగా తయారైనవే ఓడలోనో విమానంలోనో దిగుతాయి. 2025లో ఉన్న రేట్ల ప్రకారం 40,000 డాలర్లు దాటిన కారు మీద 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం వ్యవసాయ సెస్సు, కలిపి 110 శాతం. దాని పైన సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. రేవులో రెండు కోట్ల విలువతో దిగిన కారు సుంకంతో 4.20 కోట్లు, జీఎస్టీతో 5.88 కోట్లు అవుతుంది. అందులో ఇంకా డీలరు లాభం లేదు, లైఫ్ ట్యాక్స్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. రెవుల్టోని 2023 డిసెంబరులో ఇక్కడ 8.89 కోట్ల ఎక్స్ షోరూమ్ ధరతో తెచ్చారు. లైఫ్ ట్యాక్స్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టే ఇలాంటి కార్ల మీద వేరే రాష్ట్రాల నంబర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

పాత హోండా సివిక్‌కి కత్తెర తలుపులు (పైకి లేచేవి), బాడీ కిట్ పెట్టించాను. ఏమంటారు?

బాగుందంటాను, సూపర్ కార్ అనను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం కుదరదు, ఆ సంగతి కూడా చూసుకో తమ్ముడూ.

శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద నడపొచ్చా?

హైవే మీద నడపొచ్చు. కష్టమంతా హైవే దిగాకే.

ముందు స్పీడ్ బ్రేకర్లు. సూపర్ కార్ అడుగుకీ నేలకీ మధ్య దాదాపు 12 సెంటీమీటర్లు ఉంటుందనుకోండి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.6 మీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పు ఉంటే కారు మొత్తం దాని మీదకి ఎక్కి దిగుతుంది. లెక్క కడితే మధ్యలో పోయేది ఐదు సెంటీమీటర్లే, అడుగు తగలదు. మన వీధుల్లో వేసేది అది కాదు. ఎవరి ఇంటి ముందు వాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టేసే మూరెడు వెడల్పు గట్టు. అది 15 సెంటీమీటర్లుంటే, రెండు చక్రాల మధ్యకి వచ్చేసరికి కారు పొట్ట దాని మీద ఆనుతుంది. ముక్కు పైకి లేపే లిఫ్ట్ బటన్ చాలా కార్లలో ఉంటుంది, నొక్కితే నాలుగు సెంటీమీటర్ల దాకా లేస్తుంది. ముక్కు దాటుతుంది గానీ పొట్ట మాత్రం దైవాధీనమే. ఏటవాలుగా ఒక్కో చక్రం చొప్పున ఎక్కించడం ఒక్కటే దారి, వెనక ఆటోలవాళ్లు హారన్ కొడుతున్నా సరే.

తర్వాత పంటలు. నువ్వులో ఉలవలో నూర్పిడికి వచ్చే రోజుల్లో పల్లె రోడ్ల మీద పరిచేస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఫార్చ్యూనర్‌కి అదో లెక్క కాదు. ఇంత కిందికున్న కారుకి ఎండు చొప్ప పొట్టకి చుట్టుకుంటుంది, లోపల సైలెన్సర్ గొట్టాలు మండిపోతుంటాయి. నిప్పంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. ధాన్యం ఆరబోసిన చోట అంచున వరసగా రాళ్లు పెడతారు, చీకట్లో అవి కనపడవు. ఆమదాలవలస రోడ్డైనా పాలకొండ రోడ్డైనా ఆ రోజుల్లో పగలే వెళ్లాలి.

వెడల్పు ఇంకోటి. రెవుల్టో అద్దాలు కలపకుండానే రెండు మీటర్లు దాటుతుంది. విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు సాయంత్రం పూట, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆదివారం పూట, బైకు హ్యాండిల్ గీసుకోకుండా బయటపడితే గొప్పే. గీత పడితే మన పెయింటరు సరిచేసే రకం కాదు, కార్బన్ ఫైబర్.

చాలా వాటికి స్టెప్నీ ఉండదు. టెక్కలి దగ్గర టైరు పేలితే ఆ సైజు టైరు చుట్టుపక్కల దొరకదు, ఫ్లాట్‌బెడ్ బండి తెప్పించుకోవాల్సిందే. లాంబోర్గిని షోరూమ్ మనకి దగ్గరలో ఉన్నది బెంగళూరులో, వెయ్యి కిలోమీటర్లు పైనే. పెట్రోలు కూడా 95 ఆక్టేన్ కన్నా తక్కువది పోస్తే ఇంజిన్ తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది.

ఇన్నీ చదివి కూడా కొనగలిగినవాళ్లు కొంటారు, కొనాలి కూడా. మాకు చూడ్డానికైనా ఉంటుంది.

మైలేజీ ఎంత?

లీటరుకి ఐదో ఆరో. ఇది అడిగినవాళ్లు కొనరు, కొన్నవాళ్లు అడగరు.

ఎన్‌హెచ్-16 మీద ఎంత స్పీడులో పోవచ్చు?

నాలుగు వరసల హైవే మీద కార్లకి చట్టం ఒప్పుకునే గరిష్ఠ వేగం 100, అంతకన్నా తక్కువ బోర్డు ఉన్నచోట అంతే. సూపర్ కార్‌కి వేరే లెక్క లేదు. నాతవలస, మడపాం టోల్‌గేట్ల దగ్గర అందరితో పాటు లైన్లో నిలబడాల్సిందే. నిజంగా పూర్తి వేగం చూడాలనుకునేవాళ్ల కోసం ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 11.3 కిలోమీటర్ల నాట్రాక్స్ ట్రాక్ ఉంది, 2021లో తెరిచారు. బుగాటి షిరాన్ 2019లో 490 కిలోమీటర్ల వేగం అందుకున్నది కూడా జర్మనీలో అలాంటి టెస్ట్ ట్రాక్ మీదే, ఊరి రోడ్డు మీద కాదు.

మన దేశం కారు ఒక్కటీ లేదా?

ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. 2012లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో డీసీ అవంతి చూపించారు, ఇంజిన్ మధ్యలోనే ఉంది, కానీ అది రెనో నుంచి తెచ్చిన రెండు లీటర్ల టర్బో, 250 హార్స్‌పవర్. చూపుకి సూపర్ కార్, నడకకి స్పోర్ట్స్ కార్. 2017లో టాటావాళ్లు జెనీవాలో రేస్‌మో చూపించారు, 190 హార్స్‌పవర్, అది రోడ్డెక్కనే లేదు. నాకు దాని మీద ఇప్పటికీ మనసు పీకుతుంది.

అసలైన జవాబు పినిన్‌ఫారినా బత్తీస్తా. 1,900 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ హైపర్ కార్, 2019లో జెనీవాలో చూపించారు. తయారయ్యేది ఇటలీలో, మోటార్లూ బ్యాటరీ రిమాక్‌వి, కంపెనీ సొంతదారు మాత్రం మహీంద్రా. ఇటలీ గీత, క్రొయేషియా బలం, మన డబ్బు. దీన్ని ఇండియన్ కారు అంటారో లేదో మీ ఇష్టం.

మా బాబు సూపర్ కార్లు తయారు చేస్తానంటున్నాడు. ఏం చదివించాలండీ?

చదివించండమ్మా, మంచిదే. మెకానికల్ ఒక్కటే దారి అనుకోవద్దు, ఇప్పుడు ఎలక్ట్రికల్, సాఫ్ట్‌వేర్, కాంపోజిట్స్ (కార్బన్ ఫైబర్ లాంటి పదార్థాలు) అన్నీ ఇందులోకి వస్తాయి. మార్కుల కన్నా ముఖ్యం చేత్తో కారు కట్టడం. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ లాంటి పోటీలకి విద్యార్థులే చిన్న రేసు కారు డిజైన్ చేసి, వెల్డింగ్ చేసి, నడిపి చూపించాలి. చేరబోయే కాలేజీలో అలాంటి టీమ్ ఉందా, దానికి గ్యారేజీ ఇచ్చారా అని అడ్మిషన్‌కి ముందే అడగండి. లేకపోతే పదిమంది పిల్లలు కలిసి మొదలెట్టొచ్చు. సస్పెన్షన్ జామెట్రీ లెక్క ఒక్కసారి సొంతంగా వేసినవాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి బోలెడుంటుంది.

రోడ్డు మీద కనిపిస్తే ఫొటో తీసుకోవచ్చా?

ఆగి ఉన్నప్పుడు అడిగి తీసుకోండి, చాలామంది ఓనర్లు కాదనరు, కొందరు లోపల కూర్చోమంటారు కూడా. బైకు మీద ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వెంటపడొద్దు. వాళ్లకి వెనకా పక్కలా సరిగ్గా కనపడదని పైన చెప్పాను కదా. అప్పుడే ఆగిన కారైతే వెనక ఇంజిన్ మూత మీద చెయ్యి వెయ్యకండి, బాగా కాలుతుంది.